సీసా అడుగున ఎర్రమన్ను: కోంగ్స్‌ఫ్యోర్డ్ ప్రాజెక్టు డైరీ

జూన్ 22

పెట్టెలన్నీ చేరాయి, ఒక్కటి తప్ప. చేరని పెట్టెలో నీటి తొట్టెకు తగిలించే రబ్బరు గొట్టాలున్నాయి. సంగతి తెలిసి పక్క భవనంలోని జట్టువాళ్లు తమ దగ్గరున్న గొట్టాలు తెచ్చి ఇచ్చారు. న్యూ-ఓలెసుండ్‌లో పరికరాలు అమ్మే దుకాణం ఉండదు. ఈ దీవుల్లోకెల్లా పెద్ద ఊరైన లాంగ్‌యర్‌బ్యెన్ నుంచి చిన్న విమానం ఏది తెస్తే అదే. అందుకే ఇక్కడ ఇరుగుపొరుగు చేబదులు ఇచ్చేవి గొట్టాలు, గాజు సీసాలు, వడపోత కాగితాలు.

ఈ ఊరు 78 డిగ్రీల 55 నిమిషాల ఉత్తర అక్షాంశం దగ్గర, ఉత్తర ధ్రువ ప్రాంతంలో నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో ఉంది. ఒకప్పుడు బొగ్గు గనుల ఊరు. 1962లో గనిలో జరిగిన ప్రమాదంలో 21 మంది చనిపోయారు, ఆ తర్వాత తవ్వకం ఆగిపోయింది. ఇప్పుడు ఇక్కడున్నవి పరిశోధన కేంద్రాలే. మన దేశపు హిమాద్రి కేంద్రం 2008 జులైలో మొదలైంది. ఊరి ఎదురుగా ఉన్న కోంగ్స్‌ఫ్యోర్డ్ అనే సముద్రపు పాయలోనే ఈ వేసవి మా పని.

తేల్చుకోవలసిన ప్రశ్న ఇక్కడే రాసిపెడుతున్నాను, పనిలో పడ్డాక పక్కదారి పట్టకుండా. హిమానీనదాల ముందు నీటిలో కార్బొనేట్ ఎంత ఉంది? తగ్గి ఉంటే, అందులో గాలిలోని కార్బన్ డయాక్సైడ్ వాటా ఎంత, కరిగిన మంచు పలుచన చేసిన వాటా ఎంత?

సముద్రంలో కరిగిన కార్బన్ డయాక్సైడ్ ఆమ్లమై హైడ్రోజన్ అయాన్లను వదులుతుంది. అవి కార్బొనేట్ అయాన్లను పట్టేసుకుంటాయి. గుల్ల కట్టుకునే జీవికి కావలసింది ఆ కార్బొనేటే. చల్లని నీరు ఈ వాయువును ఎక్కువగా కరిగించుకుంటుంది కాబట్టి ధ్రువ ప్రాంతపు నీటిలో మొదటినుంచీ కార్బొనేట్ తక్కువ. దాని మీద మంచినీరు వచ్చి కలిస్తే ఉన్నది మరీ పలచబడుతుంది. చాలా గుల్లలు కట్టుబడేది అరగొనైట్ అనే ఒక రకం కాల్షియం కార్బొనేట్‌తో. అందుకే అరగొనైట్ సంతృప్త స్థాయి అనే అంకె ఒకటి లెక్కిస్తాం. అది 1 కంటే కిందికి దిగితే ఆ నీటిలో అరగొనైట్ గుల్ల తనంతట తానే కరగడం మొదలవుతుంది.

జూన్ 24

ఇక్కడ వైఫై, బ్లూటూత్ నిషేధం. అంతరిక్షం నుంచి వచ్చే అతి బలహీనమైన రేడియో సంకేతాలను వినే యాంటెన్నాలు ఊరి పక్కనే ఉన్నాయి. తీగ తగిలించిన కంప్యూటర్ నుంచే అమ్మతో మాట్లాడాను.

"అక్కడ సముద్రం పుల్లబడిపోతోందని పేపర్లో రాశారు. నోట్లో పోసుకుంటే తెలుస్తుందా?" అని అడిగింది.

తెలియదు. సముద్రం ఇప్పటికీ క్షారమే. పారిశ్రామిక యుగానికి ముందు ఉపరితల నీటి పీహెచ్ సగటున 8.2 దగ్గర ఉండేది, ఇప్పుడు 8.1 దగ్గర ఉంది. ఆ 0.1 తేడా చిన్నదిగా కనిపిస్తుంది. కానీ అది గుణిజాల్లో నడిచే కొలమానం కాబట్టి హైడ్రోజన్ అయాన్లు దాదాపు నాలుగో వంతు పెరిగినట్టు. ఇదంతా అమ్మకు అలా చెప్పలేదు. "మన వంటింటి గట్టు మీద నిమ్మచెక్క బోర్లించి మరిచిపోయావు, గుర్తుందా?" అన్నాను. భీమిలిలో మా ఇంటి గట్టు కడప రాయి. అది సున్నపురాయే. నిమ్మరసం పడినచోట నునుపు పోయి తెల్లగా, గరుకుగా గుండ్రటి మచ్చ పడింది. ఇరవై ఏళ్లయినా పోలేదు.

"అయితే గుల్లలకు అదే గతా?" అంది.

అదే గతి అని ఇంకా అనలేను. అది కొలవడానికే వచ్చానని చెప్పాను.

జూన్ 27

తొలి పడవ రోజు. పాయ బయటి నోటి నుంచి హిమానీనదం దాకా ఆరు చోట్లు నిర్ణయించుకున్నాం. ఒకటో చోట సముద్రం నుంచి వచ్చే అట్లాంటిక్ నీరు, ఆరో చోట క్రోనెబ్రీన్ హిమానీనదపు ముఖం. ఆ గోడకు మరీ దగ్గరగా పోకూడదు. మేడంత మంచు పలక విరిగి పడితే లేచే అలకు మా పడవ ఆగదు. దూరం ఎంతన్నది పడవ నడిపే ఆయన నిర్ణయం. దాని మీద వాదన లేదు.

నీరు పట్టే పద్ధతి వివరంగా రాస్తున్నాను, ఎందుకంటే ఈ పనిలో సగం తప్పులు ఇక్కడే జరుగుతాయి. కావలసిన లోతులో మూసుకుని అక్కడి నీటిని పట్టి తెచ్చే నిస్కిన్ సీసా పైకి రాగానే మొదటి నీరు మాకే ఇవ్వాలి. ఆక్సిజన్ కొలిచేవాళ్లు ఉంటే వాళ్ల తర్వాత మేము. ఉప్పు శాతానికీ పోషకాలకూ పట్టేవాళ్లు చివర. సిలికాన్ గొట్టంలో బుడగలు లేకుండా వేళ్లతో నలపాలి. గొట్టం కొస గాజు సీసా అడుగును తాకేలా పెట్టి నీటిని కింది నుంచి పైకి నింపాలి. నిండాక ఆపకూడదు. సీసాడు నీరు పొర్లి పోయేదాకా వదలాలి, గాలి తగిలిన మొదటి నీరంతా బయటికి పోవడానికి. ఆపైన గొట్టాన్ని మెల్లగా లాగి, గాలి చిక్కకుండా గాజు బిరడా బిగించాలి.

ఇంకొకటి. సీసా మీదికి వంగి ఊపిరి వదలకూడదు. మనం వదిలే గాలిలో కార్బన్ డయాక్సైడ్ బయటి గాలిలో కంటే దాదాపు వంద రెట్లు ఎక్కువ. మా జట్టులో చిన్నవాడు, శ్రీకాకుళం జిల్లావాడు, నీరు పట్టేటప్పుడు ఈత కొట్టేవాడిలా మొహం పక్కకు తిప్పి గాలి పీల్చుకుంటాడు. ఎవరూ నేర్పకుండానే అతనికి అబ్బిన జాగ్రత్త అది. చూసి ముచ్చటేసింది.

చేతికి రెండు జతల తొడుగులు. అయినా నాలుగో చోటికి వచ్చేసరికి బిరడా తిప్పుతున్నది నా వేళ్లో కాదో తెలియలేదు.

జూన్ 28

పీహెచ్ కొలతలు. మెటాక్రెసాల్ పర్పుల్ అనే రంగు చుక్క వేసి, 434, 578 నానోమీటర్ల దగ్గర వెలుతురును నీరు ఎంత మింగిందో చూసి, ఆ రెండింటి నిష్పత్తి నుంచి పీహెచ్ లెక్కకట్టే పద్ధతి. గాజు ఎలక్ట్రోడ్ కంటే ఇదే నమ్మకమైనది. చిక్కల్లా ఇది. నీరు 3 డిగ్రీల దగ్గర పడవలోకి వచ్చింది, కొలవవలసింది 25 డిగ్రీల దగ్గర. చల్లని నీరు వేడెక్కితే కరిగి ఉన్న వాయువులు బయటపడతాయి. నీరు పోసి కొలిచే చిన్న గాజు పెట్టె లోపలి గోడకు గసగసాల్లా బుడగలు అంటుకున్నాయి. ఉదయమంతా దీనితోనే సరిపోయింది. మూత తీయకుండా సీసానే తొట్టెలో నెమ్మదిగా వేడిచేసి, గాజు పెట్టెను ముందే వేడిగా ఉంచుకుంటే బుడగలు బాగా తగ్గాయి.

జూన్ 30

మొత్తం క్షారత కొలవడం మొదలుపెట్టాం. తూచిన సముద్రపు నీటిలో హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని కొంచెం కొంచెంగా కలుపుతూ, నీరు ఎంత ఆమ్లాన్ని తట్టుకుంటుందో చూస్తాం. పీహెచ్, క్షారత రెండూ తెలిస్తే కార్బొనేట్‌ను లెక్కకట్టవచ్చు. ముందుగా ప్రామాణిక నీరు కొలిచాం. అమెరికాలోని స్క్రిప్స్ సంస్థలో ఆండ్రూ డిక్సన్ ప్రయోగశాల నుంచి ప్రపంచమంతటికీ వెళ్లిన నీరు అది. సీసా మీద రాసిన విలువకూ మాకు వచ్చిన విలువకూ తేడా కిలోకు 2 మైక్రోమోల్‌లోపు. పరికరం బాగుంది.

పాదరసపు లవణం కలిపి నీటిని నిలవ చేయడం ఈ పనిలో అందరికీ అలవాటు. మేము వద్దనుకున్నాం. పీహెచ్ అదే రోజు, క్షారత ఒకటి రెండు రోజుల్లో ఇక్కడే కొలిచేస్తే ఆ విషం అవసరం రాదు. ఇంత శుభ్రమైన చోటికి పాదరసం మోసుకురావడం నాకు ఇష్టం లేదు. దానికి బదులు నిద్ర తక్కువవుతుంది, అంతే. ఎలాగూ సూర్యుడు అస్తమించడు.

జులై 2

ఆరు చోట్ల ఉపరితల క్షారత చేతికొచ్చింది. బయటి నుంచి లోపలికి వచ్చేకొద్దీ ఉప్పు శాతంతోపాటే క్షారత తగ్గుతూ వచ్చింది, అనుకున్నట్టే. కానీ ఐదు, ఆరు చోట్ల గీత పైకి తిరిగింది! మంచినీరు ఎక్కువగా ఉన్నచోట క్షారత ఉండవలసిన దానికంటే ఎంతో ఎక్కువ.

దీనికి కారణం నా మనసులో సిద్ధంగానే ఉంది. ఈ పాయ చుట్టూ సున్నపురాయి, డోలమైట్ కొండలున్నాయి. ఎదురుగా బ్లోమ్‌స్ట్రాండ్ అనే చోట పాలరాయే ఉంది. వందేళ్ల కిందట ఎర్నెస్ట్ మాన్స్‌ఫీల్డ్ అనే ఇంగ్లండువాడు అక్కడ గని పెట్టి పాలరాయి తవ్వించాడు. మంచు కాటుకు బీటలువారిన ఆ రాయి పనికిరాక గని మూతపడింది. అతను వదిలేసిన యంత్రాలు ఒడ్డున ఇంకా తుప్పుపడుతున్నాయి. పాలరాయి, సున్నపురాయి, గుల్ల, అన్నీ కాల్షియం కార్బొనేట్ కుటుంబమే. హిమానీనదం ఆ రాళ్లను పిండిలా నూరి తెస్తుంది. ఆ పిండి నీటిలో కరిగితే క్షారత పెరుగుతుంది, ఆమ్లానికి కొంత అడ్డుకట్ట పడుతుంది. స్వాల్‌బార్డ్ పాయల్లో ఇంతకుముందు పనిచేసినవాళ్లూ ఇటువంటిదే చూశారు.

సంతోషం పట్టలేక గీత గీసి మా సార్‌కు పంపించాను.

జులై 3

ఆరో చోటి నీటికి జంట సీసాలు ఎప్పుడూ పట్టుకుంటాం. రెండింటి మధ్య తేడా 41 మైక్రోమోల్ వచ్చింది. రెండు మూడు దాటకూడదు. ఆమ్లం గొట్టంలో బుడగ ఉందేమోనని చూశాను, లేదు. ప్రామాణిక నీరు మళ్లీ కొలిచాను, సరిగ్గా వచ్చింది. మూడోసారి ఆరో చోటి నీరు పెట్టి ఈసారి పరికరం ముందే కూర్చున్నాను. మామూలుగా ఆమ్లం చుక్క పడ్డాక అంకె కొద్ది క్షణాల్లో నిలబడుతుంది. ఇది నిలబడలేదు. పడిన ఆమ్లాన్ని ఎవరో లోపల కూర్చుని నెమ్మదిగా తినేస్తున్నట్టు, అంకె వెనక్కి జరుగుతూనే ఉంది.

అప్పుడు మా జట్టులోని శ్రీకాకుళం తమ్ముడు ఖాళీ సీసా కడగబోతూ ఆగాడు. "అక్కా, అడుగున చూడండి."

సీసా అడుగున పలచటి ఎర్రటి పొర. వేలితో రుద్దితే గంధంలా ఉంది.

అంతసేపూ నా కళ్లముందే ఉంది. లోపలి పాయలో నీరు ఎర్రగా ఉండటం పడవ మీద ఉండగా అందరం చూశాం, ఫొటోలు కూడా తీసుకున్నాం. ఎర్ర ఇసుకరాయి కొండలను ఒరుసుకుని వచ్చే మంచు తెచ్చిన మన్ను అది. అందులో సున్నపురాయి పిండి కూడా కలిసి ఉంటుందని నిన్ననే ఇక్కడ రాశాను. ఆ పిండి సముద్రంలో కరిగిందని రాశానే గాని, కరగని పిండి నా సీసాలోకి వచ్చి, నేను పోసిన ఆమ్లంలో కరుగుతుందని తట్టలేదు. నేను కొలిచిన క్షారతలో కొంత సముద్రానిది, కొంత నా పాత్రలో పుట్టింది. సీసాను ఎంత కుదిపి పోశానన్న దాన్ని బట్టి మన్ను ఎక్కువ తక్కువలుగా వచ్చింది. జంట సీసాలు కలవకపోవడం అందుకే.

రాత్రి భోజనానికి వెళ్లబుద్ధి కాలేదు. తమ్ముడు డబ్బాలో అన్నం తెచ్చి పెట్టాడు.

జులై 4

అనుమానాన్ని అనుమానంగా వదలకూడదు. మిగిలిన నీటిని వడపోత కాగితం గుండా పోసి, కాగితాన్ని ఆరబెట్టి, భూతద్దం కింద పెట్టి ఒక్క చుక్క పలచటి ఆమ్లం వేశాం. ఎర్రమన్ను కదల్లేదు. మన్ను మధ్యలో తెల్లటి నలుసులున్నాయి, వాటి చుట్టూ సన్నటి బుడగలు లేచాయి. నాలుగైదు క్షణాలు నురగలా ఆడి, నలుసు ఉన్నచోట ఏమీ లేకుండా పోయింది. గుల్ల కరగడం గురించి ఇన్నేళ్లు చదివాను, సమీకరణాలు రాశాను. కార్బొనేట్ ఇలా కళ్లముందు మాయం కావడం చూస్తే ఒళ్లు జలదరించింది.

వడపోసిన నీటి జంట కొలతల మధ్య తేడా 2 మైక్రోమోల్. అంకె వెంటనే నిలబడింది.

సార్‌కు ఉత్తరం రాశాను. ఐదు, ఆరు చోట్ల తొలి విడత క్షారత విలువలు చెల్లవు, సరిదిద్దే ప్రయత్నం కూడా చేయను, అనుమానాస్పదం అన్న గుర్తుతో పట్టికలో అలాగే ఉంచుతాను అని. ఏ సీసాలోకి ఎంత మన్ను వచ్చిందో తెలియనప్పుడు దిద్దుబాటు అంటే ఊహే. జవాబు గంటలో వచ్చింది: "వడపోతలు ఇంకా ఎన్ని ఉన్నాయి?"

జులై 5

37 ఉన్నాయి. వాటిని పోషకాల కొలతల కోసం తెచ్చాం. లోపలి పాయ నీటికి ఒక్కో సీసాకు రెండేసి కావాలి, మన్ను సగంలోనే వాటిని పూడ్చేస్తోంది. రబ్బరు గొట్టాలిచ్చిన జట్టు దగ్గరికే మళ్లీ వెళ్లాను. 50 ఇచ్చారు.

ఒక మేలు ఏమిటంటే, కార్బన్ డయాక్సైడ్ వచ్చినా పోయినా క్షారత మారదు. అందువల్ల క్షారత నీటిని నిదానంగా వడపోసుకోవచ్చు, కాస్త గాలి తగిలినా ఫరవాలేదు. పీహెచ్ నీటితో అలా కుదరదు. దాన్ని వడపోయకుండా, మన్ను దిగేదాకా మూత బిగించి ఉంచి, 730 నానోమీటర్ల దగ్గర వెలుతురు చూసి మురికి లెక్క తీసేస్తున్నాం. రంగు చుక్క అక్కడ వెలుతురును మింగదు కాబట్టి, అక్కడ కనిపించేదంతా మురికిదే.

జులై 9

పొగమంచు. పడవ లేదు.

జులై 11

ఇవాళా లేదు. ఎలుగుబంటి కాపలా శిక్షణ ఉన్నవాళ్లతో కలిసి గాలిలోని వాయువులను కొలిచే జెప్పెలిన్ కొండ మీది పరిశీలన కేంద్రం చూసి వచ్చాం. సముద్రమట్టానికి 474 మీటర్ల ఎత్తు. పారిశ్రామిక యుగానికి ముందు గాలిలో పది లక్షల పాళ్లకు 280 పాళ్లుండిన కార్బన్ డయాక్సైడ్ ఇప్పుడు 420 దాటింది. మనిషి వదిలే దానిలో నాలుగో వంతును సముద్రమే తీసుకుంటోంది. పైనుంచి చూస్తే పాయ రెండు రంగులుగా కనిపించింది. బయట నీలం, లోపల ఎరుపు. రెండూ కలిసే గీత మా నాలుగో చోటు మీదుగా పోతోంది.

జులై 14, 15

రెండో విడత పూర్తి. ఇప్పుడు ప్రతి లోపలి సీసాకూ రెండు చీటీలు: వడపోసినది "వ", మన్నుతో ఉన్నది "మ". మన్నుతో కొలవడం మానేద్దామని మొదట అనుకున్నాను. తమ్ముడే ఆపాడు. "అక్కా, ఆ పిండి రేపు సముద్రంలో కరగబోయేదే కదా. అది ఎంత ఉందో తెలియద్దా?" న్యాయమైన మాట. "వ" ఇవాళ్టి క్షారత. "మ"కూ "వ"కూ తేడా ఇంకా కరగని సున్నం. ఆ తేడాలో ఎంత నీటిలో కరుగుతుంది, ఎంత అడుగున పడి మన్నులో పూడిపోతుంది అన్నది వేరే ప్రశ్న. దాన్ని నీటి సీసాలతో తేల్చలేం. పాయ అడుగు మన్నులోకి గొట్టం దింపి చూడాలి. ఈ ఏడాది మా దగ్గర ఆ పరికరం లేదు.

జులై 17

వడపోసిన విలువలతో గీత మళ్లీ గీశాను. మొదటి గీతలా పైకి తిరగలేదు. అలాగని ఉత్త మంచినీరు కలిస్తే పడవలసినంత కిందికీ పడలేదు. గీతను ఉప్పు సున్నా అయ్యేదాకా పొడిగిస్తే, క్షారత సున్నా కావడం లేదు. అంటే కరిగిన మంచు ఉత్త చేతులతో రావడం లేదు, ఇక్కడికి చేరేలోపే రాళ్ల నుంచి కొంత సున్నాన్ని కరిగించి తెస్తోంది. నేను జులై 2న సంతోషపడినదానిలో నిజం ఉంది, కానీ అనుకున్నదానిలో చిన్న భాగమే.

లోపలి పాయ ఉపరితలంలో అరగొనైట్ సంతృప్త స్థాయి బయటికంటే స్పష్టంగా తక్కువ. 1 కంటే పైనే ఉంది. ఇది వేసవి అంకె అని మరవకూడదు. వసంతంలో నాచు విరివిగా పెరిగి నీటిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లాగేసుకుంది, అందువల్ల ఇప్పుడు నీటి పరిస్థితి ఏడాదిలోకెల్లా మెరుగ్గా ఉంది. చలికాలంలో ఇదే చోట ఎంత ఉంటుందో నా సీసాలు చెప్పవు. పాయలో 2014 నుంచి మన దేశం నీటిలో నిలిపి ఉంచిన ఇండార్క్ పరికరాలు ఏడాది పొడవునా వేడినీ ఉప్పునూ నమోదు చేస్తున్నాయి. వాటి పక్కన చలికాలపు క్షారత సీసాలు కూడా ఉండాలని నా కోరిక. ఈ మాట నివేదికలో గట్టిగానే రాస్తాను.

జులై 20

మూడో చోట సన్నకన్ను వలను 50 మీటర్ల నుంచి మెల్లగా పైకి లాగాం. గాజు గిన్నెలో పోస్తే ముదురు ఊదారంగు గింజలు నాలుగు, ఆవగింజ కంటే కాస్త పెద్దవి. లిమాసినా హెలిసినా, సముద్రపు సీతాకోకచిలుక. ఇది నత్త జాతిది. పాకే పాదమే రెండు రెక్కలుగా మారింది. గిన్నెను కదిపితే రెక్కలు ముడుచుకుని రాయిలా అడుగుకు పడిపోతుంది, నిమిషం ఆగి మళ్లీ రెక్కలు విప్పుతుంది. గుల్ల సుడి మన తీరంలోని మామూలు నత్తలకు ఎదురు దిక్కుగా తిరుగుతుంది. అరగొనైట్ గుల్ల, అవతలి వైపు వెలుతురు కనిపించేంత పలచన. దక్షిణ మహాసముద్రంలో ఇటువంటి జీవుల గుల్లలు బతికి ఉండగానే కరిగి గుంటలు పడటాన్ని 2012లో ప్రకటించిన పరిశోధనలో చూపించారు.

మా నాలుగింటి గుల్లలూ మా సూక్ష్మదర్శినికి నునుపుగానే కనిపించాయి. నాలుగు జీవులను చూసి ఏమీ చెప్పకూడదు, పైగా అటువంటి గుంటలు తెలియాలంటే ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని కావాలి. కొలతలు రాసుకుని, ఫొటోలు తీసి, గిన్నెలోని నీరు వేడెక్కకముందే అదే నీటిలో వదిలేశాం. రెక్కలు విప్పి కిందికి వెళ్లిపోయాయి. తమ్ముడు అవి కనిపించనంతవరకూ పడవ అంచు మీద వంగి చూస్తూనే ఉన్నాడు.

జులై 24

చివరి విడత నిన్నటితో అయింది. మొత్తం 87 వడపోతల్లో తొమ్మిది మిగిలాయి. వాడినవన్నీ ఆరబెట్టి, విడివిడి గిన్నెల్లో మూతపెట్టి, చోటు, లోతు, తేదీ రాశాను. ఎక్స్‌రేలతో చూస్తే ఆ మన్నులో సున్నపురాయి ఎంత, డోలమైట్ ఎంత, ఇసుక ఎంత అన్నది తేలుతుంది. అది ఇంటికి వెళ్లాక పని.

వచ్చే ఏడాది జాబితాలో మొదటి మాట: వడపోతలు, 300. రెండో మాట: అడుగు మన్ను తీసే గొట్టం. మూడోది, ఆరో చోట సెప్టెంబరులో ఎవరైనా మా కోసం నాలుగు సీసాలు పట్టగలరా అని అడగడం.

అరువు తెచ్చిన రబ్బరు గొట్టాలు కడిగి ఇచ్చి వచ్చాను. పెట్టెలకు రేపటి విమానంలో చోటుందో లేదో సాయంత్రం తెలుస్తుంది. వడపోతల డబ్బాను మాత్రం వాటిలో పెట్టడం లేదు, అది నా చేతి సంచిలో వస్తుంది.